ఇల్లు అత్తయ్యకానికి

“ఆ కథ నిజమా, అబద్ధమా? ఒక్క ముక్కలో చెప్పు.”

“రెండూ కాదండీ,” అన్నాడు వెబ్‌సైట్లకి కథలు తయారుచేసే కంపెనీ యజమాని తాపీగా. “అది కంటెంట్.”

నాకు ఒళ్లు మండిపోయింది. సాయంత్రంలోగా ఒక ఆడమనిషిని అరెస్టు చేయబోతున్నారు. ఈ పెద్దమనిషి ఏసీ గదిలో కూర్చుని మాటలతో ఆడుకుంటున్నాడు.

తాళాలు అమ్మే ఒక కంపెనీ వెబ్‌సైటులో మూడు వారాల కిందట ఒక కథ వచ్చింది. ‘మా అత్తయ్యని గదిలో పెట్టి తాళం వేశాను: ఒక కోడలి ఒప్పుకోలు’ అని పేరు. పైన ‘ఇది నిజంగా జరిగింది’ అని ఎర్రక్షరాలు, కింద బయట గొళ్ళెం ఉన్న ఒక పచ్చతలుపు ఫొటో. జనం కొట్టుకుని చదివారు. ఆ తర్వాత కొన్నాళ్లకి ఊళ్లో నిజంగానే ఒక అత్తగారు కనిపించకుండా పోయింది. ఫొటోలోని తలుపు ఆ ఇంటిదే. ఆవిడ కోడలు బట్టలు కుట్టుకుని బతికే మనిషి, వీధిలో అందరికీ టైలరమ్మ. కథ బయటపడ్డాక ఆమె దగ్గర బట్టలిచ్చిన వాళ్లందరూ కత్తిరించిన గుడ్డ కూడా వదలకుండా వెనక్కి పట్టుకుపోయారు. దారిన పోయేవాళ్లు గుమ్మం ముందు ఆగి ఉమ్మేసి మరీ వెళ్తున్నారు. నిన్న ఆమె నా ఆఫీసుకి వచ్చి, “నేను రాయలేదు సార్, నేను తాళం వెయ్యలేదు, మా అత్తయ్యని వెతికిపెట్టండి” అని చేతులు జోడించింది.

నేను ప్రైవేటు డిటెక్టివ్‌ని. ఈ కేసు పోలీసుల తరఫున చూస్తున్న ఇన్‌స్పెక్టరు నా తోడల్లుడు. మా ఆవిడ చెల్లెలి మొగుడు. ఆ సంగతి తలుచుకుంటేనే నాకు అన్నం సహించదు.

“ఆ కథ నీ కంపెనీయే తయారు చేసింది. అంతవరకు ఒప్పుకుంటావా?”

“మేం చేసే పనే అదండీ,” అన్నాడు యజమాని. “తాళాల వాళ్లు మా క్లయింట్లు. వేరే సైట్ల వాళ్లు వాళ్ల పేజీకి లింకులిస్తే, రేపు ఎవరైనా తాళం కోసం నెట్లో వెతికితే వీళ్ల దుకాణం పైన కనబడుతుంది. తాళాల గొప్పతనం గురించి రాస్తే ఏ మహానుభావుడిస్తాడండీ లింకు? అత్తాకోడళ్ల గొడవ రాస్తే అందరూ ఇస్తారు.”

“అందుకని అబద్ధం రాస్తారా?”

“నవలలు రాసేవాళ్లు రాయట్లేదా? వాళ్లనెందుకు అడగరు?”

“నవల మీద నవల అని ఉంటుందయ్యా! చదివేవాడికి తెలుసు. నీ పేజీ మీద ‘నిజంగా జరిగింది’ అని రాశావు. చివర్లో చిన్నక్షరాలతోనైనా ‘కల్పితం’ అని పెట్టొచ్చుగా?”

“పెడితే ఎవరు నమ్ముతారండీ? నమ్మకపోతే ఎవరు లింకిస్తారు?” నా అమాయకత్వానికి జాలి పడ్డట్టు చూశాడు. “మీకీ ఫీల్డు తెలీదు. ఎదురు బిల్డింగులో మా పోటీ కంపెనీ ఉంది. పరుపులు అమ్మేవాళ్ల కోసం ఏడేళ్లుగా నిద్రపోని మనిషని ఒకణ్ణి పుట్టించాడు వాడు. పేపర్లు, టీవీలు, అందరూ లింకులిచ్చారు. వాడేమో ఆఫీసుకి కొత్త అద్దాలు బిగించుకున్నాడు. ఆ అద్దాలు చూసినప్పుడల్లా నాకే నిద్ర పట్టేది కాదు. ఎలాగైనా వాణ్ణి మించింది కొట్టాలని పట్టుదల.”

ఒక్క క్షణం వాడి మీద నాకు సానుభూతి కలిగింది. పక్కవాడి అద్దాలు కళ్లలో గుచ్చుకోవడమంటే ఏమిటో నాకు తెలుసు. నా తోడల్లుడి ఫొటో మా అత్తగారి హాల్లో టీవీ పైనే ఉంటుంది. మా పెళ్లిఫొటో బీరువా పక్కన, తలుపు తీస్తే కనబడనిచోట.

“సరే, కథ అల్లావు. మరి ఆ ఫొటో ఎవరు తీశారు?”

“కథతో పాటే వచ్చి...” అని ఆగిపోయాడు.

“వచ్చిందా? నువ్వు అల్లిన కథకి ఫొటో ఎక్కణ్ణుంచి వస్తుంది?”

వాడి మొహంలో రంగు మారింది. నేను కుర్చీ ముందుకు లాక్కున్నాను.

“మా సైటులో ‘మీ కథ పంపండి’ అని ఒక పెట్టె ఉందండీ,” అన్నాడు గొంతు తగ్గించి. “అందులో పడింది. పంపినవాళ్ల పేరు లేదు. ఎవరో ఊహించి రాశారనుకున్నా. నిజమా అబద్ధమా అని మేం అడగం. అడగడం మొదలుపెడితే ఈ వ్యాపారం నడవదు. కాస్త మార్చి వేశాను, అంతే.”

“ఏం మార్చావు?”

వాడు నోరు తెరిచాడు. అదే క్షణంలో తలుపు తెరుచుకుంది.

“అన్నయ్యా! మీరు కూడా ఇక్కడే ఉన్నారా?” నలగని యూనిఫారం, తీరైన క్రాఫు, పెదవి చివర నవ్వు. నా తోడల్లుడు. “లేవకండి, కూర్చోండి. పెద్దవారు.”

నాకూ వాడికీ నాలుగేళ్లు తేడా. వాడలా ‘పెద్దవారు’ అన్నప్పుడల్లా నాకు మోకాళ్లు నొప్పి పుడతాయి.

వాడు నావైపు మళ్లీ చూడకుండా యజమానిని అడిగాడు. “ఒకే ప్రశ్న. ఈ కథ మీరు కల్పించారా, ఎవరైనా పంపారా?”

“పంపారండీ.”

“ఆ కోడలే పంపిందా? బాగా ఆలోచించుకుని చెప్పండి. స్టేట్‌మెంటు రాసుకుంటాను.”

యజమాని లెక్కలు వేసుకోవడం నాకు కళ్లకు కట్టినట్టు కనబడింది. ఎవరో తెలీదంటే, నిజమో కాదో చూసుకోకుండా ‘నిజంగా జరిగింది’ అని వేసినట్టు లోకానికి తెలిసిపోతుంది. లింకులిచ్చినవాళ్లంతా సిగ్గుపడి పీకేస్తారు, క్లయింటు పోతాడు. ఆమే పంపిందంటే మాత్రం కథ నిజమైపోతుంది, నిజమైన కొద్దీ ఇంకా కొత్త లింకులు వస్తాయి. పోయేది ఎవరో ముక్కూమొహం తెలీని ఆడమనిషి.

“అవునండీ,” అన్నాడు. “ఆమే పంపింది. నికార్సయిన ఒప్పుకోలు.”

“ఒరేయ్!” నేను లేచి నిలబడ్డాను. “ఇప్పుడేగా పేరు లేదన్నావు!”

“అన్నయ్యా, ఆవేశపడకండి,” అన్నాడు తోడల్లుడు. “ఆ కథ పంపింది టైలరమ్మ ఫోన్ నుంచే. మావాళ్లు పొద్దున్నే తేల్చారు. ఈయన మాట దానికి తోడు. ఇప్పుడు ఆ ఇంటికే వెళ్తున్నాను. కావాలంటే మీరూ రండి, జీపులో చోటుంది.”

ఆటో దొరకలేదు కాబట్టి ఎక్కాను. దారిలో వాడు, “మొన్న టీవీలో నా ఇంటర్వ్యూ చూసి మన అత్తయ్య ఏడ్చారట కదా, సంతోషంతో” అన్నాడు. ఆవిడ ఏడవడం నేను కళ్లారా చూశాను, పక్కనే కూర్చున్నాను కాబట్టి. ఆ కన్నీళ్లు తుడుచుకోవడానికి రుమాలిచ్చిందీ నేనే. కానీ వాడితో ఆ మాట చెప్పలేదు.

ఇంటి దగ్గర టైలరమ్మ మొగుడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కొరియర్ ఆఫీసులో గుమాస్తా, మెత్తటి మనిషి. వీధిలోవాళ్లు తనని ‘టైలరమ్మ మొగుడు’ అని పిలుస్తారని తనే నాకు నిన్న కలిసినప్పుడు నవ్వుతూ చెప్పాడు. ఆ నవ్వు కళ్లదాకా రాలేదు.

పెద్దావిడ గది చిన్నది. కుట్టుమిషను ముందు ఒక కుర్చీ, దానికి ఆనించి పొట్టి స్టూలు. స్టూలు మీద కళ్లజోడు, సగం హుక్కులు కుట్టిన జాకెట్టు, దానికి గుచ్చిన సూది. కోడలు కుడుతూంటే అత్త పక్కనే కూర్చుని హుక్కులు, గుండీలు కుట్టేదన్నమాట. తాళం వేసి బంధించిన మనిషి గదిలా నాకది కనబడలేదు. ఇద్దరు ఆడవాళ్లు పొద్దంతా కబుర్లు చెప్పుకున్న గది అది.

తోడల్లుడు అవేవీ చూడలేదు. తలుపు దగ్గరే వంగున్నాడు. “గొళ్ళెం బయటివైపు ఉంది. స్క్రూలు కొత్తవి, మీద రంగు కూడా పడలేదు. ఎవరు బిగించారిది?”

“ఈయనే,” అంది టైలరమ్మ మొగుడి వైపు చూసి.

“నువ్వు బిగించమంటేనే కదా!” అన్నాడతను. “దొంగల భయం అన్నావు.”

“నేనా? నేనెప్పుడన్నానండీ?”

“చూశారా?” అన్నాడు తోడల్లుడు నాకు మాత్రమే వినబడేలా. “అడుగడుక్కీ బుకాయింపే.”

మొగుడు చెప్పులేసుకున్నాడు. “నేను పోయి వకీలుని తీసుకొస్తాను సార్. అంతవరకు ఆమెని తీసుకెళ్లకండి.” గుమ్మం దాటుతూ భార్యకేసి చూసి, “అమ్మ ఉండుంటే ముందు నీ కోసమే ఏడ్చేది” అన్నాడు. బండి చప్పుడు వీధి మలుపు దాకా వినబడింది.

ఎంత మంచి మొగుడో అనుకున్నాను. తర్వాత అతనన్న మాట మళ్లీ ఒకసారి మనసులో అనుకుని చూశాను. అందులో ‘ముందు నీ కోసమే’ అన్న ముక్క ఎందుకో మింగుడు పడలేదు.

“అమ్మా, నువ్వా కథ చదివావా?” అని అడిగాను టైలరమ్మని.

“లేదు సార్. ఊరంతా చదివింది. నాకు మనసు రాలేదు.”

“ఇప్పుడు చదువు. పైకి చదువు.”

నా ఫోన్ ఇచ్చాను. తోడల్లుడు వాచీ చూసుకున్నాడు. ఆమె గొంతు మొదట వణికి, తర్వాత నిలదొక్కుకుంది. “...అత్తయ్య ఏం వండాలన్నా నన్నే ముందు అడిగేది. ఎవరొచ్చినా నన్నే ముందు పిలిచి చూపించేది. జ్వరమొస్తే నా చేతి మాత్రే వేసుకునేది. ఎన్నాళ్లని చూస్తూ ఊరుకోను? అందుకే తాళం వేశాను...” ఆగింది. ఆమె కళ్లు నిండాయి. “ఇదంతా నిజమే సార్. అత్తయ్య అలాగే ఉండేది. ఎవరో ఇంట్లోవాళ్లు రాసినట్టే ఉంది.”

“ఇంకేం, ఆమే ఒప్పుకుంటోంది,” అన్నాడు తోడల్లుడు.

“నువ్వు కాసేపు నోరు మూసుకో!”

వాణ్ణి నేనలా అనడం అదే మొదటిసారి. వాడు నిజంగానే నోరు మూసుకున్నాడు.

“ఆ ముక్క మళ్లీ విను,” అన్నాను. “నిన్నే ముందు పిలిచి, నిన్నే ముందు అడిగి, నీ చేతి మాత్రే వేసుకునే మనిషిని నువ్వెందుకు గదిలో పెట్టి తాళం వేస్తావు? నెత్తిన పెట్టుకుంటావు కదా! ‘ఎన్నాళ్లని చూస్తూ ఊరుకోను’ అని ఎవరంటారు? పిలిపించుకున్నవాళ్లు అనరు. పక్కన నిలబడి, పిలుపు రాక కుళ్లిపోతున్నవాళ్లు అంటారు. ఇది ఒప్పుకోలు కాదు తమ్ముడూ, ఏడుపు. ఇలాంటి ఏడుపు నాకు బాగా తెలుసు. దాన్ని ఎంత మార్చి రాసినా నేను వాసన పట్టగలను.”

తోడల్లుడు నన్ను వింతగా చూశాడు. నా చెవులు వేడెక్కాయి, కానీ ఆ క్షణంలో పట్టించుకునే తీరిక లేదు.

“ఇంకా చదువమ్మా.”

“ఇల్లు... ఇల్లు అత్తయ్యకానికి పెడదామంటే అత్తయ్య ఒప్పుకోలేదు...” ఆమె తలెత్తింది. “అత్తయ్యకం ఏమిటి సార్?”

“టైపింగ్ తప్పు,” అన్నాడు తోడల్లుడు. “దాని మీద ఇప్పటికే జోకులే జోకులు. మా స్టేషన్లో ఒకడు పాత స్కూటర్ అత్తయ్యకానికి పెట్టానంటున్నాడు.”

నేను నవ్వలేదు. ఆ మాట మీదే వేలు పెట్టి ఉంచాను. అత్తయ్యకానికి. ఇల్లు దేనికి పెడతారు ఎవరైనా? అమ్మకానికి పెడతారు.

ఫోన్ తీసుకుని ఆ మాట తోడల్లుడి ముందు పెట్టాను.

“ఇది వేలు జారిన తప్పు కాదు. కంప్యూటర్ చేసిన తప్పు. ‘కాస్త మార్చాను’ అన్నాడు యజమాని. ఏం మార్చాడో తెలుసా? ఒక మాట ఎక్కడ కనబడితే అక్కడ తీసేసి ఇంకో మాట పెట్టమని కంప్యూటర్‌కి చెప్పాడు. అది గుడ్డిగా అన్నిచోట్లా మార్చేసింది. ‘అమ్మకానికి’ అన్న మాటలో కూడా ముందున్న రెండక్షరాలు కనబడ్డాయి దానికి. ఏమిటా రెండక్షరాలు?”

“అమ్మ,” అన్నాడు తోడల్లుడు నెమ్మదిగా.

“అమ్మ! పంపినవాళ్లు ఆ కథలో అత్తయ్య అని ఎక్కడా రాయలేదు. అంతటా అమ్మ అనే రాశారు.”

వాడు తేరుకున్నాడు. పోలీసు బుద్ధి ఎక్కడికి పోతుంది? “కోడళ్లు కూడా అత్తగార్ని అమ్మా అంటారు అన్నయ్యా.”

“నేననను సార్,” అంది టైలరమ్మ. “కాపురానికి వచ్చిన రోజునుంచీ అత్తయ్యా అనే. అమ్మ అని పిలిచేది ఆయనొక్కరే. ఆవిడకి వేరే పిల్లల్లేరు.” ఆ మాట నోట్లోంచి వచ్చాక, తనేమన్నదో ఆమెకి అర్థమైంది. పక్కనున్న మిషను పట్టుకుంది.

“నీ ఫోను అతని చేతికి అందుతుందా?”

“రాత్రిపూట చార్జింగు పెట్టేది ఆయనే.”

నేను యజమానికి ఫోన్ చేశాను. వినగానే వాడు, “నాకేం తెలీదండీ, నా స్టేట్‌మెంటు ఇచ్చేశాను” అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. చివరికి తోడల్లుడే తన ఫోన్ తీసి, “ఇన్‌స్పెక్టర్ని. అసలు కథ ఉన్నది ఉన్నట్టు కావాలి. అబద్ధం స్టేట్‌మెంటిస్తే ఎన్నేళ్లో తెలుసుగా?” అన్నాడు. అంతే. నేను గొంతు చించుకున్నా లొంగనివాడు తోడల్లుడి రెండు ముక్కలకి గడగడలాడిపోయాడు. అక్కడ కూడా నాకు కడుపు మండింది, దాచడం దేనికి?

స్పీకర్లో యజమాని గొంతు వణుకుతోంది. “అందులో కొడుకు చెబుతున్నట్టు ఉందండీ. ‘మా ఆవిడ మా అమ్మని గదిలో పెట్టి తాళం వేసింది’ అని. మగవాడు ఏడిస్తే ఎవడు లింకిస్తాడు? కోడలే ఒప్పుకున్నట్టుంటే పేలుతుందని నేనే తిప్పి రాశాను. అమ్మ తీసి అత్తయ్య పెట్టాను. కల్పితమే కదా, ఎవరికేం నష్టం అనుకున్నా.”

“ఇంకేం మార్చావు?”

“చివరి పేరా తీసేశాను. తాళాల వాళ్లు ఒప్పుకోలేదు. తాళాలు అమ్ముకునే పేజీలో శవం ఉంటే ఎలాగన్నారు.”

“శవమా?” ఇద్దరం ఒకేసారి అన్నాం.

“కథలోనండీ! కథే కదా అని...”

“పంపు! ఇప్పుడే!”

తోడల్లుడి ఫోన్ మోగింది. వాడు దాన్ని చదవకుండా నా చేతిలో పెట్టాడు. ఎందుకలా చేశాడో ఇప్పటికీ తెలీదు. నేను పైకి చదివాను.

“‘ఆదివారం చీకటి పడే వేళకి మా ఆవిడ ఒక్కతే తన పాత షాపు షట్టరు ఎత్తి లోపలికి వెళ్లింది. కాసేపటికి బయటికి వచ్చి తాళం వేసుకుని పోయింది. ఆ తర్వాత అమ్మ గొంతు ఎవరూ వినలేదు. జైలుకెళ్లిన కోడలి కోసం ఇంక అమ్మ ఏడవదు. ఇప్పటికైనా అమ్మ నా ఒక్కడికే మిగిలింది.’”

ఆరోజు ఆదివారం. కిటికీలో వెలుతురు అప్పుడే పలచబడుతోంది.

“నీకు పాత షాపుందా?” అని అడిగాను టైలరమ్మని.

“ఉంది సార్, ఈ నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. అందులో పాత మిషను ఉంది. దానికి బేరం కుదిరింది, ఇవాళ చీకటి పడ్డాక ఒక్కదానివే వెళ్లి చూపించు అన్నారు ఆయన. పోలీసులొచ్చారని ఆగాను.”

“ఆ షాపు వెతికావా?” అన్నాను తోడల్లుడి వైపు తిరిగి.

వాడి మొహం పాలిపోయింది. “మొగుడే తాళం తీసి చూపించాడు. ముందు గది చూశాను. వెనక గది తాళంచెవి భార్య ఎక్కడో పారేసిందన్నాడు. మంచివాడిలా ఉన్నాడని...”

ఎన్నాళ్లుగానో వాడు తప్పు చేస్తే చూడాలని కాచుక్కూచున్నాను. చూశాను. ఇసుమంత సంతోషం కూడా కలగలేదు. “పద!” అని అరిచాను. వాడప్పటికే మెట్లు దూకుతున్నాడు. జీపు స్టార్టయిన చప్పుడు వినబడింది.

నేను గుమ్మం దాటుతుంటే టైలరమ్మ నా చెయ్యి పట్టుకుంది. “సార్, అత్తయ్య బతికే ఉంది కదూ? పది రోజులుగా ఆయన రోజూ క్యారియర్ నిండా భోజనం కట్టించుకుని వెళ్తున్నారు. అమ్మని వెతకడానికి తిరుగుతుంటే ఆకలేస్తుందని. అదంతా అత్తయ్యకే పెట్టుంటారు కదూ?”

“పెట్టే ఉంటాడమ్మా. ఇవాళ ఏం కట్టావు?”

ఆమె నా చెయ్యి వదిలేసింది.

“ఇవాళ వద్దన్నారు సార్.”